మాథేరాను కొండపై మా గుఱ్ఱపు స్వారి

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలు చెప్పిన సామెత మనలో నెందఱిచేతనో యెన్నియో పనులు మాన్పించినది. సంగీతము, ఈత, సైకిలు, పరభాష, ఏది నేర్చుకొందమన్నను ఈ సామెత గడపకడ్డముగా నిలుచును. నలుబదియేండ్లు దాటిన స్త్రీ తనకు రాని విద్యను తలచినప్పుడెల్ల "ఇక మనకేల, పిల్లలు నేర్చుకొందురు గాక" యని సమాధానపడుట మన యిండ్లలో వాడుక. మేమును అట్లే సమాధానపడియుంటిమి. ఆ సమాధానము మాథేరాను కొండమీద నెట్లు చెదరెనో సోదరీమణులకు తెలుపుటకే యీ వ్యాసము.

మేమనగా ఇరువురము. ఒకరికి 53 ఏండ్లు, ఒకరికి 47. వదినా మరదండ్రము, అంతకు ముందే మేనమామ మేనత్త బిడ్డలము. చిన్ననాటి వేసవులు ఒక్క తాతగారి యింటనే గడపితిమి. ఆ యింట నొక యెఱ్ఱని తట్టువ యుండెడిది. వానకాలమున బండ్లు దిగబడు రేగడిదారులలో తాతగారు దానిమీదనే పొలమునకు పోయెడివారు. సాయంకాలము మగపిల్లల నొక్కొక్కరిని దానిపై నెక్కించి చెఱువుగట్టు వఱకు త్రిప్పెడివారు. ఉలవగుగ్గిళ్ళు ఉడికించి గంపతో మోసికొనిపోయి పెట్టుట ఆడపిల్లల వంతు. ఒకనాడు మేమును ఎక్కెదమని అడిగితిమి. "ఆడపిల్లలకేలనే?" యని తాతగారు నవ్విరి. కోపపడలేదు, కసరలేదు, నవ్విరి, అంతే. ఆ నవ్వు మాకింత కాలమును జ్ఞాపకమున్నది.

గడచిన మార్గశిరమున పూనాలో నొక పెండ్లికి పోయితిమి. పెండ్లి ముగిసిన పిదప ఆఱు దినములు తీరిక చిక్కగా మాథేరాను చూడ నిశ్చయించితిమి. కర్జతు స్టేషనులో దిగి లోకలు రైలెక్కి నేరళ్ చేరితిమి. నేరళ్ నుండి కొండపైకి 2 అడుగుల వెడల్పుగల పట్టాలపై నొక చిన్న రైలు 1907 నుండి నడుచుచున్నది. సుమారు 20 కిలోమీటర్లు అది పామువలె మెలికలు తిరుగుచు నెక్కును. వానకాలమున నేరళ్ నుండి ఎక్కు రైలును ఆపివేయుదురు. మాకు దానిలో చోటు దొరకలేదు గాన మోటారుబండిలో దస్తూరి యను చోటికి పోయితిమి. మోటారులకు అచ్చటితో సరి. అటుపైన ఊరిలోనికి సొంత మోటారులు పోరాదు. 2003లో కేంద్ర ప్రభుత్వము ఈ ప్రాంతమును పర్యావరణ రక్షితమండలముగా ప్రకటించినది. అందువలన ఈ కొండపై సామానులు మోయుటకును మనుష్యులను మోయుటకును గుఱ్ఱమే యాధారము. ఇటీవల విద్యుత్తు రిక్షాలు కొన్ని వచ్చినను గుఱ్ఱముల గిట్టల చప్పుడు తగ్గలేదు.

మాథేరా ననగా మరాఠీలో తలపైని అడవి యని యర్థము. పేరు సార్థకమే. సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల యెత్తున నొక బల్లవంటి కొండ. దానిపై నేరేడు, కరక్కాయ మొదలగు చెట్ల నీడ. క్రింద కుంకుమరాశి పోసినట్లున్న యెఱ్ఱని మన్ను. 1850లో థాణా జిల్లా కలెక్టరైన హ్యూ మాలెట్ అను దొర ఈ కొండనెక్కి దీనిని వేసవి విడిదిగా వెలుగులోనికి దెచ్చెను. నాటి బంగళాలు నేటికిని కొన్ని గలవు. సాయంకాలమునకు మన కాళ్ళు, చీరె కుచ్చెళ్ళు, గుఱ్ఱముల మోకాళ్ళు ఒక్కటే రంగగును.

దస్తూరిలో జీనులు వేసిన గుఱ్ఱములు బారులు తీర్చి యుండెను. తక్కినవారు వానిపై నెక్కి, కళ్ళెము పట్టి నడపించు మనుష్యుని వెంట ఊరిలోనికి పోవుచుండిరి. మా వదినగారు వానిని చూచి నిలిచిపోయిరి. "మూటవలె మోయించుకొనుట యేల? నేర్చుకొని యెక్కుదమా, అమ్మాయీ?" అనిరి. "మీరే కద, వదినా, మొక్కై వంగనిదని దినమునకు పదిమాఱులు చెప్పుచుందురు!" అనగా, "ఆ సామెత ఇంటిలోనిది, ఇది కొండ" యని నవ్విరి. విచారించగా, వచ్చినవారికి స్వారి నేర్పు నడివయస్కుడొకడు దొరకెను. అతని తాతయు తండ్రియు గుఱ్ఱములతోనే బ్రదికినవారట. అతడు మమ్ము తాయీ యని పిలిచెను. మరాఠీలో తాయి యనగా అక్క.

మఱునాటి యుదయమున ఒలింపియా యను మైదానమునకు పోయితిమి. చీరెలు మడిచి పెట్టి సల్వారులు తొడిగితిమి. ఒకప్పుడు ఐరోపా స్త్రీలు రెండు కాళ్ళును ఒక ప్రక్కకే వేసి కూర్చుండవలెనను మర్యాద యుండెడిది. ఈ కాలమున చెఱియొక ప్రక్క వేసికొనియే నేర్తురు. మహారాష్ట్ర స్త్రీలవలె తొమ్మిది గజముల చీరె కాసెపోసి కట్టినచో అదియు ననుకూలమే. గట్టి శిరస్త్రాణము లేనిదే ఎక్కమని మేము ముందుగనే చెప్పియుంటిమి. మడమగల బూట్లు తొడుగుడని అతడు చెప్పెను. మడమ లేనిచో పాదము రికాబులోనికి జాఱి చిక్కుకొనును. పడినప్పుడు అదియే ప్రాణాపాయము.

చాందనీ యను తెల్లని ఆడుగుఱ్ఱమును తెచ్చి మా యెదుట నిలిపెను. ఎక్కుడనలేదు. "ముందు పరిచయము చేసికొనుడు, తాయీ" యనెను. గుఱ్ఱపు కన్నులు తలకు రెండు ప్రక్కల నుండుటచే దానికి చుట్టును చాలవఱకు కనబడును; కాని సరిగా వెనుకను, ముక్కు ముందఱను కనబడదు. కావున వెనుకనుండి పోరాదు. ఎడమ భుజము వైపునుండి, మాటలాడుచు పోవలెను. చెవులు ముందునకు నిక్కినచో మనలను గమనించుచున్నదని గుర్తు. వెనుకకు తలకంటించినచో కోపము. ఈ మాటలు వినుచు మెడ నిమురుచుంటిమి. ఆ వెచ్చని చెమట వాసనకు తాతగారి సాల తలపునకు వచ్చెను.

తరువాత ఎక్కుట. ఎడమచేత కళ్ళెపు వారును, పిడికెడు జూలును పట్టి, ఎడమ పాదము ముందుభాగమును మాత్రము రికాబులో నుంచి, లేచి, కుడికాలు వీపు మీదుగా త్రిప్పి, మెల్లగా జీనులో కూర్చుండవలెను. చెప్పుట సులభము. మాలో నొకరము మూడవ ప్రయత్నమునను, ఒకరము రాతిమెట్టు సాయముతోను ఎక్కితిమి. పైనుండి చూడగా నేల అంత దూరమున నున్నదని ఎవరును మాకు ముందు చెప్పలేదు!

మొదటి దినమున మా తప్పులన్నియు భయమునకు పుట్టినవే. నేల చూచుట, ముందునకు వంగుట, కళ్ళెము బిగించుట, మోకాళ్ళతో నొక్కుట. గుఱ్ఱము నడువదాయెను, నడిచినచో చిందులు వేసెను. "తాయీ, మీరు నోట ఱా యనుచున్నారు, చేత వద్దనుచున్నారు, అది యేది వినవలెను?" అని అతడనెను. అప్పుడు సిగ్గుపడితిమి. చెవి, భుజము, నడుము, మడమ ఒక్క గీతలో నుండవలెను, మడమ క్రిందికి దిగవలెను, చూపు పోవలసిన దిక్కున నుండవలెను, ఊపిరి బిగపట్టరాదు. ఆపవలెనన్న లోతుగా కూర్చుండి, నిదానముగా ఊపిరి విడిచి, వ్రేళ్ళు మూయవలెను. లాగనక్కఱలేదు.

మన భయము గుఱ్ఱమునకు నిజముగా తెలియునా యను సందేహము మాకు కలిగినది. స్వీడను దేశమున శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి 2009లో ప్రకటించిరి. గుఱ్ఱమెక్కినవారితోను, దానిని పట్టి నడపించువారితోను ఈసారి యొక గొడుగు హఠాత్తుగా తెఱచెదమని చెప్పిరి. గొడుగును తెఱవనే లేదు. కాని మనుష్యుల గుండె వేగముతో పాటు గుఱ్ఱముల గుండె వేగమును పెరిగినది. రాని గొడుగునకే యింత! మన యిండ్లలోని భయములలో రాని గొడుగులెన్నియో గదా.

రెండవనాడు నడక కుదిరినది. మూడవనాడు దుడుకునడక నేర్పెను. నడకలో నాలుగు గిట్టలు నాలుగు తాళములుగా పడును, దుడుకునడకలో రెండే. ఒక తాళమునకు లేచి మఱియొక తాళమునకు కూర్చుండవలెను; లేనిచో నడుము రోకటి క్రింది పోటగును. తాళము చిక్కి మేము సంతసించుచున్న సమయమున నేరేడుచెట్టు నుండి యొక కోతి దభాలున క్రిందికి దుమికెను. గుఱ్ఱము ప్రక్కకు బెదరెను. మాలో నొకరము నేలపాలైతిమి. ఎవరమో ఇచ్చట వ్రాయము; ఇంటిలో నింకను తెలియదు. శిరస్త్రాణము వలన తల నిలిచినది. మోచేయి గీరుకొనిపోయినది. గుఱ్ఱము పది యడుగుల దూరమున నిలిచి, తప్పు తనదే యన్నట్లు చూచుచుండెను.

ఆ రాత్రి మా గదిలో మాటలు లేవు. పడినవారికి నొప్పి, పడనివారికి భయము. "రేపు నడిచియే కొండ చూతము" అని ఒకరము, "సరే" యని ఒకరము అనుకొంటిమి. దీపమార్పిన పిదప మా వదినగారు చీకటిలో, "అమ్మాయీ, తాతగారి నవ్వు మన వెంటనే కొండ యెక్కి వచ్చినట్లున్నది" అనిరి. ఆ మాటతో నిద్ర పట్టలేదు. ఎన్నడో చదివిన యొక డేనిష్ స్త్రీ చరిత్రము అప్పుడు చెప్పుకొంటిమి. లిస్ హార్టెల్ అను నామె 1944లో, గర్భవతిగా నున్నప్పుడు, పోలియో వ్యాధిచే కాళ్ళ పటుత్వము కోల్పోయెను. మోకాళ్ళకు దిగువ చచ్చుబడియే యుండెను. గుఱ్ఱమెక్కుటకును దిగుటకును ఒకరు సాయము చేయవలెను. అట్టి యామె 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో అశ్వశిక్షణ పోటీయందు, పురుషులతో సమానముగా నిలిచి, వెండి పతకము గెలిచెను. ఆ పోటీలో స్త్రీలను చేర్చుకొనుట అదియే మొదటిసారి. 1956లో మరల వెండి పతకమే గెలిచెను. మా మోచేతి గీత చాల చిన్నదిగా తోచినది.

నాలుగవనాడు చేయి డాక్టరునకు చూపించి, ఎముకకు ముప్పు లేదని తెలిసికొని మైదానమునకు పోయితిమి. ఆ గుఱ్ఱపువాడు ధైర్యము చెప్పలేదు, ఎక్కుమని తొందరపెట్టలేదు. చాందనీ పగ్గము మా చేతికిచ్చి, "ఊరక నడపించుడు" అనెను. అరగంట సేపు దానిని ప్రక్కన నుండి నడపించితిమి, ఆపితిమి, త్రిప్పితిమి. అది మా మాట వినుచున్నదని తెలిసిన కొలది గుండెదడ తగ్గెను. తరువాత ఎక్కితిమి. నడకతో మూడు చుట్లు, అంతే. ఇంకొక చుట్టు తిరుగుదమనునంతలో దిగుమనెను. "బాగున్నప్పుడే దిగవలెను, తాయీ. రేపటికి మీకును జ్ఞాపకముండును, దానికిని జ్ఞాపకముండును" అని అతడు చెప్పిన కారణము. ధైర్య మనునది ఒక్కమాఱుగా గుండెలో పుట్టునని మేమిన్నాళ్ళు తలంచితిమి. అది ముంతలో చిల్లర దాచుకొన్నట్లు దినదినము కొంచెము కొంచెముగా కూడవలసినదని ఆనాడు తెలిసినది.

అయిదవనాడు తెల్లవాఱుజామున పనోరమా పాయింటునకు గుఱ్ఱములపై పోయితిమి. అతడు ప్రక్కన నడిచెనే గాని కళ్ళెములు మా చేతిలోనే యుండెను. అడవిలో మంచు, ఆకులపై గిట్టల మెత్తని చప్పుడు. కొండ యంచున దిగి నిలువగా తూర్పున సూర్యుడు లేచెను. క్రింద నేరళ్ పొలములు, ఇండ్లు కనబడెను. మా వదినగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అమ్మాయీ, సామెత అబద్ధము కాదు, మాను వంగదు. కాని గుఱ్ఱముమీద వంగుట తప్పుట! నిటారుగా కూర్చుండుమనియే కద అతడు అయిదు దినములు మొత్తుకొనినది" అనిరి. ఇరువురమును నవ్వితిమి. ఆ నవ్వు తాతగారి నవ్వునకు జవాబు.

ఈ విద్యయం దాసక్తిగల సోదరీమణులకు నాలుగు మాటలు. నడుము, మోకాలు, ఎముకల బాధలున్నవారును, గర్భవతులును డాక్టరు నడుగక ఎక్కరాదు. శిరస్త్రాణమును, మడమబూట్లును తప్పనిసరి. ఎక్కుటకు ముందు గుఱ్ఱమును చూడుడు: వీపుపై పుండ్లున్నను, ఎముకలు తేలియున్నను, కుంటుచున్నను దానిని ఎక్కవలదు, మన వేడుకకు మూగజీవము బాధపడరాదు. ఎంతయో నేర్చితిమని అయిదు దినములలో భ్రమపడవలదు. మేము నేర్చినది ఓనమాలే. హైదరాబాదు వంటి నగరములలో స్వారి నేర్పు చోట్లు గలవు. మాలో నొకరము అచ్చట చదువు సాగించుచున్నాము. మన దేశపు ఆడపిల్లలు ఈ విద్యలో వెనుకబడినవారు కారు. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో అశ్వశిక్షణ జట్టుపోటీయందు బంగారు పతకము తెచ్చిన భారతీయులు నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ అను నిరువురు స్త్రీలే.

బయలుదేరునాడు అంగడిలో శనగలు కొని చాందనీకి పెట్టితిమి. చిన్ననాడు గుగ్గిళ్ళు పెట్టి వెనుదిరిగెడివారము. ఈసారి పెట్టినపిదప దానిపై నెక్కి దస్తూరి వఱకు మేమే నడపుకొని పోయితిమి.