కరకట్ట అవతలి ఊళ్ళు

తెనాలి నుంచి తూర్పుకు వెళ్ళి, కొల్లూరు దాటి కృష్ణ కరకట్ట ఎక్కండి. కట్టకు ఇటు వరి మాగాణి, కాలవ నీళ్ళు. అటు పోతార్లంక, పెసర్లంక, గాజుల్లంక, చింతర్లంక, ఆవులవారిపాలెం, తోకలవారిపాలెం. ఏటి గర్భంలో తరాలుగా కాపురాలున్న ఊళ్ళివి. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా.

కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఇది కాదు. అది ఎగువన పల్నాడులో, పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఇక్కడి సంపదంతా ఒండ్రు మట్టే. ఆ మట్టిలో అరటి, కంద, పసుపు, తమలపాకు పండుతాయి. పసుపుకు దుగ్గిరాల యార్డు దగ్గరే. అన్నీ పెట్టుబడి మింగే పంటలే, అన్నీ నెలల తరబడి నేలలో ఉండాల్సినవే. వేసవిలో నాటిన కంద, పసుపు దుంప ఊరే వేళకే కృష్ణకు వరద వస్తుంది. నాలుగు రోజులు నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుంది, అరటి పడిపోతుంది. నీళ్ళు తీశాక మిగిలేది కొత్త ఒండ్రు. మళ్ళీ అప్పు చేసి నాటేది దాన్ని చూసుకునే.

నీళ్ళ మధ్య నేలలన్నీ ఒకటి కావు. అమెరికాలో మిషిగన్ సరస్సులో వాషింగ్టన్ దీవి ఉంది. 1870లో ఐస్‌లాండ్ వాళ్ళు కొందరు వలస వచ్చి అక్కడ స్థిరపడ్డారు. రాతి దీవి కాబట్టి తాతలు చదును చేసిన నేలే మనవలకూ దక్కింది. లంకవాసికి ఆ భరోసా లేదు. ఏరు ఒక పక్క కోస్తుంది, ఇంకోపక్క మేట వేస్తుంది. కాగితంలో ఎకరం అలాగే ఉంటుంది, పొలం మాత్రం ఏట్లో కలిసిపోతుంది. దీనికి తోడు ఇటుక బట్టీల కోసం మట్టి తవ్వకాలు. ఏరు కోసుకుపోతే ఎక్కడో ఒకచోట మేటవుతుంది గానీ, ట్రాక్టరు ఎత్తుకుపోయిన మట్టి తిరిగి రాదు.

2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఓలేరు దగ్గర కరకట్టకే గండి పడి రేపల్లె వైపు ఊళ్ళూ మునిగాయి. కట్టకు ఇవతల ఉన్నవాళ్ళకు లంక బతుకు రుచి తెలిసింది అప్పుడే అనుకోవాలి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డూ పోయింది. ఇలాంటప్పుడు దోనేపూడి దగ్గర లోలెవల్ వంతెన మునిగితే, అవతలివాళ్ళకు పడవే దిక్కు.

వరద తీశాక అధికారులు పంట నష్టం రాసుకోవడానికి వస్తారు. పేచీ అక్కడే. లంకల్లో సేద్యం చేసేవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. కౌలు ముందే కట్టేసి ఉంటారు. పరిహారం మాత్రం చాలాసార్లు పాసుపుస్తకం ఉన్నవాడి పేరనే పడుతుంది. కరకట్ట ఎత్తు పెంచడానికి కోట్లు కావాలి, ఏళ్ళు పడుతుంది. నష్టం జాబితాలో నాటినవాడి పేరు రాయడానికి ఒక కలం చాలు. వచ్చే వరదకు ముందే ఆ పని జరగాలి.