వినతిపత్రములో ఒక వాక్యము

ప్రజాస్వామ్యములో బీదవాని చేతనున్న ఆయుధము ఓటు అని మనము పాఠ్యపుస్తకములలో చదువుకొన్నాము. ఆ మాట నిజమే. కాని ఓటు అయిదేండ్లకు ఒక దినము పలుకును. తక్కిన దినములలో బీదవాని తరపున పలుకవలసినది అతని సంఘము. ఆ సంఘము మంత్రుల వద్దకు, అధికారుల వద్దకు పోయి ఏమి పలుకును, ఎట్లు పలుకును అను సంగతి మేము పుస్తకములలో నేర్వలేదు. మా ఇంటి వాకిట, బీడీల చాట ప్రక్కన కూర్చుండి నేర్చితిమి.

మా తల్లిగారు నిజామాబాదు ప్రాంతములో ఇరువది యేండ్లకు పైగా బీడీలు చుట్టినారు. ఉదయమే తునికాకు తడిపి, కత్తెరతో కత్తిరించి, ప్రొద్దు గ్రుంకిన తరువాత కూడ దీపము క్రింద పొగాకు నింపి, చుట్టి, దారము కట్టెడివారు. ఆమె చుట్టిన బీడీలు మాత్రము ప్రక్కింటి అక్క పాసుబుక్కులో జమ అగుచుండెను. కొత్త పాసుబుక్కు ఇచ్చినచో భవిష్య నిధి కట్టవలసి వచ్చునని కార్ఖానా కమీషన్‌దారు ఆమెకు పుస్తకము ఇయ్యలేదు. రెండు ఇండ్ల శ్రమ, ఒక్క పేరు. ఆ అక్క వారము వారము పైసలతో సహా లెక్క కట్టి మా కూలి మాకు ఇచ్చెడిది. ఆమెపై మాకు ఎన్నడును ఫిర్యాదు లేదు.

మేము ఎనిమిదవ తరగతి చదువుచుండగా యూనియన్ పెద్దమనిషి ఒకరు వాడ వాడకు తిరిగి, కేంద్ర కార్మిక సంక్షేమ సంస్థ వారి గుర్తింపు కార్డులకు దరఖాస్తులు నింపినారు. మా తల్లిగారి పేరుతో, ఫొటోతో వచ్చిన మొట్టమొదటి సర్కారు కాగితము అదియే. ఆ కార్డుపై మాకు ఉపకార వేతనము వచ్చినది. ఆ యేటి పుస్తకములు, నోటుబుక్కులు, ఒక జత చెప్పులు ఆ సొమ్ముతో కొన్నాము. దాత ఎవరో అప్పుడు మాకు తెలియదు. ఎం.ఏ. చదువు నాడు విశ్వవిద్యాలయ గ్రంథాలయములో కూర్చుండి ఆ సొమ్ము పుట్టుపూర్వోత్తరములు వెదకితిమి.

దాని వెనుక ఒక తరము పోరాటము ఉన్నది. 1948 నాటి కనీస వేతనముల చట్టములోనే బీడీ పరిశ్రమ చేరినది. కాని ఇంటి వద్ద చుట్టు స్త్రీని కార్మికురాలని అంగీకరించుటకు యజమానులు సిద్ధముగా లేరు. సంఘములు పట్టుబట్టగా 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టము వచ్చినది. యజమానులు సుప్రీంకోర్టుకు పోయినారు. 1974లో ఆ న్యాయస్థానము చట్టమును నిలబెట్టినది. ఈ లోగా కేరళలో, చట్టము అమలునకు వచ్చు తరుణమున, 1968లో కొన్ని కార్ఖానాలు మూతపడి వేలమంది వీధిన పడినారు. అక్కడ సంఘములు నినాదములతో ఆగక ప్రభుత్వముతో కూర్చుండి మాట్లాడగా, 1969లో దినేశ్ బీడీ సహకార సంఘము ఏర్పడినది. 1976లో పార్లమెంటు బీడీలపై సెస్సు విధించి, ఆ రాబడితో సంక్షేమ నిధిని నెలకొల్పినది. మా ఉపకార వేతనము ఆ నిధిలోనిదే. 1977లో భవిష్య నిధి చట్టము బీడీ పరిశ్రమకు వర్తించినది. ఇంటివద్ద చుట్టు వారును దాని క్రిందకే వత్తురని 1985లో సుప్రీంకోర్టు తేల్చినది.

ఇన్ని జరిగినను, మా తల్లిగారి పేరు పాసుబుక్కులోనికి ఎక్కలేదు. చట్టము ఢిల్లీలో పుట్టి మా వాడ వరకు నడచి వచ్చి, మా గడప ముందర ఆగిపోయినది.

ఇక రాజకీయ పక్షములతో సంఘముల సంబంధమును గూర్చి ఒక మాట. 1920లో ఏ.ఐ.టి.యు.సి. పుట్టిన నాటి నుండి, 1947లో ఐ.ఎన్.టి.యు.సి., 1955లో బి.ఎం.ఎస్., 1970లో సి.ఐ.టి.యు. ఏర్పడు వరకు, మన దేశములో పెద్ద సంఘములు ఏదో ఒక రాజకీయ భావధార నీడలో పెరిగినవి. దీనిని కేవలము దోషమనలేము. మన ఉర్దూ విభాగ విద్యార్థులు కవిగా ఎరిగిన మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీ అధ్యాపక పదవిని విడిచి, కార్మిక సంఘములు కట్టి, హైదరాబాదు శాసనసభలోను, పిదప ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలోను ఆ కార్మికుల గొంతు వినిపించినారు. బరంపురములో పుట్టిన వి.వి. గిరి గారు రైల్వే కార్మిక నాయకులుగా ఎదిగి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయినారు. బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వము మార్చగా 1954లో ఆ పదవిని వదలుకొన్నారు. అయితే 1974 మే నెలలో రైల్వే సమ్మెను ప్రభుత్వము అణచివేసినప్పుడు రాష్ట్రపతి పీఠముపై ఉన్నదియు ఆయనయే. మనవాడు పీఠమెక్కినంత మాత్రమున మన పని తీరినదని అనుకొనుట పొరపాటని ఈ రెండు సంఘటనలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో బోధపడును.

ఈ పాఠము మాకు 2015లో ఇంటికి వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము ఆ యేడు బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి ఇయ్యసాగినది. 2019లో అది 2,016 రూపాయలైనది. ప్రక్కింటి అక్కకు వచ్చినది. మా తల్లిగారికి రాలేదు. భవిష్య నిధి నమోదు ఉండవలెనని నిబంధన. ఇరువది యేండ్లు చుట్టిన వ్రేళ్లున్నవి, నంబరు లేదు.

అప్పటికి మేము ఎం.ఏ. పూర్తి చేసితిమి. వాడలోని ఇట్టి స్త్రీలందరి పక్షమున వినతిపత్రము వ్రాయుమని యూనియన్ వారు కోరగా, నాలుగు పేజీలు వ్రాసితిమి. తెలుగు సాహిత్యము చదివిన గర్వము అందులో కొంత ఉండెను. దగ్గు, కంటిచూపు, వంగిన నడుము అన్నియు వర్ణించితిమి. వెనుక మా కార్డు దరఖాస్తు నింపిన ఆ పెద్దమనిషియే దానిని చదివి కండ్లద్దములు తీసి, "బిడ్డా, ఇది చదివితే నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయి. మరి ఏడ్చినంక ఆఫీసరు ఏడ సంతకం పెట్టాలె?" అని అడిగినారు.

మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆ రాత్రి ఇద్దరమును కూర్చుండి నాలుగు పేజీలను ఒక వాక్యమునకు తెచ్చితిమి: "ఇతరుల పాసుబుక్కుపై పని చేసిన వారి విషయమున, కేంద్ర కార్మిక సంక్షేమ సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డును భవిష్య నిధి నమోదుకు బదులుగా ఆధారముగా స్వీకరింపవలెను." దాని క్రింద స్త్రీల పేర్లు, కార్డు నంబర్లు, వ్రేలిముద్రలు. అంతే.

ఆ కాగితముతో ముందు శాసనసభ్యుని ఇంటికి పోతిమి. ఆయన చాయ్ ఇప్పించి, ఇటువంటి వారు ఎంతమంది ఉందురని అడిగినారు. ఓట్ల లెక్క అడుగుచున్నారని మాకు కోపము వచ్చినది. పెద్దమనిషికి రాలేదు. ఆయన సంచిలోనుండి జాబితా తీసి ఇచ్చినారు. సంఖ్య అడిగినవానికి సంఖ్య, నిబంధన అడిగినవానికి నిబంధన ఇయ్యవలెనని ఆయన పద్ధతి. పిదప సోమవారము ప్రజావాణిలో అధికారి ఆ వాక్యమును రెండుసార్లు చదివి, ఈ మార్పు తన చేతిలో లేదని, ప్రభుత్వమునకు పంపెదనని చెప్పినారు. అప్పుడే ఆయన బల్లపై మరి రెండు జెండాల యూనియన్లు ఇచ్చిన రెండు పత్రములు కనబడినవి. అదే సమస్య, మూడు కోరికలు. ఏది ముందని అధికారి అడుగగా మా వద్ద జవాబు లేదు.

సంఘములకు ఇంకొక చిక్కు కూడ ఉన్నది. పొగాకు ప్యాకెట్లపై 85 శాతము మేర హెచ్చరిక బొమ్మ ఉండవలెనను నిబంధన 2016 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. బీడీ యజమానులు దానిని ఎదిరించినప్పుడు, పని పోవునను భయముతో కార్మికులును వారి వెంట నిలిచినారు. ఆ పొగాకు దుమ్ము ముప్ప్రొద్దుల పీల్చునది ఆ కార్మికులే. యజమాని మాట ఎక్కడ ఆగి మన మాట ఎక్కడ మొదలగునో సంఘము తెలిసికొనవలెను. ప్రత్యామ్నాయ ఉపాధి కావలెనను కోరిక నాడు ముందు వరుసలో నిలువవలసినదని మా అభిప్రాయము.

గెలిచినదానిని కాపాడుకొనుట గెలుచుటకంటె కష్టము. 2017లో జి.ఎస్.టి. వచ్చుటతో బీడీ సెస్సు రద్దయినది. మా చదువునకు నీరుపోసిన ఆ నిధికి ఊట పోయి, బడ్జెటు కేటాయింపులే దిక్కైనవి. 1966 నాటి చట్టమును 2020లో పార్లమెంటు ఒక కార్మిక స్మృతిలో కలిపినది. 2025 నవంబరు 21న ఆ స్మృతులు అమలులోనికి వచ్చినవి. కేంద్ర కార్మిక శాఖ లెక్కలలో దాదాపు 50 లక్షలున్న బీడీ కార్మికుల హక్కులు ఇప్పుడు కొత్త వాక్యములలో ఉన్నవి. వానిని చదువవలసినవారు కావలెను.

మా తల్లిగారికి ఆ భృతి నేటికిని రాలేదు. అయినను ఆమె ప్రతి యేడు యూనియన్ చందా కట్టుదురు. ఫలము లేని చందా ఎందులకని ఒకనాడు మేము అడుగగా, రసీదును చూపి, "బుక్కులో నా పేరు లేకపాయె. దీంట్ల అన్న ఉండనీ" అన్నారు.

విద్యార్థులారా, మీలో ఎందరి ఇండ్లలో బీడీల చాట ఉన్నదో మేము హాజరు పట్టీ చూడకయే ఎరుగుదుము. మీకు వచ్చిన చదువుతో మీ వాడకు పోయి, ఎవరి పేరు ఏ పుస్తకములో లేదో అడిగి వ్రాసికొనుడు. పిదప నాలుగు పేజీలు కాదు, అధికారి సంతకము పెట్టదగిన ఒక్క వాక్యము వ్రాయుడు.