కొద్దిదైనా నిత్యమైనది

మా ప్రాంతపు మసీదులలో వరుసల చివర కుర్చీల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేసుకునే సౌలభ్యాన్ని షరీఅత్ ప్రసాదించింది. ఆ సౌలభ్యాన్ని వాడుకునే వారిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే మోకాళ్ల నొప్పులతో కుర్చీని ఆశ్రయించిన వారిలో నలభై అయిదేండ్ల వారు సైతం ఉండటం ఆలోచించవలసిన విషయం. మా 52వ యేట బరువు 92 కిలోలకు చేరి, రెండవ రకాతుకు లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించవలసి వచ్చినప్పుడు ఆ ఆలోచన మా ఇంటి విషయమే అయింది.

మదర్సా బోధన కూర్చొని చేసే వృత్తి. ఫజ్ర్ తరువాత పిల్లల పాఠం వినడానికి కూర్చుంటే జుహర్ వరకు లేచే పని ఉండదు. దానికి తోడు నికాహ్, వలీమా, అఖీఖా దావతులు. కోనసీమ ఆతిథ్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. విస్తరిలో ఖాళీ కనిపిస్తే వడ్డించేవారి మనసు ఊరుకోదు. భోజనం ముగిశాక ఆత్రేయపురం పూతరేకులు రానే వస్తాయి.

మోకాళ్లను పరీక్షించిన వైద్యుడు మాకొక లెక్క చెప్పారు. శరీరంలో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై పడే ఒత్తిడి దాదాపు నాలుగు కిలోల మేర తగ్గుతుందట. తొందర వద్దనీ, ఏడాదికి పైగా సమయం తీసుకొమ్మనీ ఆయన సలహా ఇచ్చారు.

తొందర ఫలితాన్ని మన జిల్లాలలో చాలామంది చూసే ఉంటారు. కొన్నేండ్ల క్రితం అన్నం పూర్తిగా మాని, కొబ్బరినూనె, నిమ్మరసాలతో గడిపే పద్ధతి ఊరూరా వ్యాపించింది. మేమెరిగిన వారిలో కొందరు నెలలోనే బాగా చిక్కారు. తిరిగి అన్నానికి వచ్చిన కొద్ది నెలలకే మళ్లీ పాత బరువుకు చేరారు. అటువంటి పద్ధతులలో మొదట తగ్గేదానిలో చాలా భాగం నీరే. రమజాన్‌లో తగ్గిన కిలో, కిలోన్నర కూడా షవ్వాల్‌లో పళ్లెం మారకపోతే తిరిగి వచ్చేస్తుంది. జీవితాంతం చేయలేని పని ఇచ్చే ఫలితం జీవితాంతం నిలవదు.

కొద్దిదైనా నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు చేరింది. మన శరీరానికి మనపై హక్కు ఉన్నదనీ, కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు ఉంచుకోవాలనీ హదీసులు తెలుపుతున్నాయి. ఈ బోధనలను మేము ఏండ్ల తరబడి పాఠంగా చెబుతున్నాము. వాటిని కొలతలుగా మార్చింది మా ఇల్లాలు.

మా ఇంట్లో నలుగురం. నెలకు 5 లీటర్ల నూనె వాడకం. అంటే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు. దానిని ఆమె 3 లీటర్లకు తెచ్చింది. మనిషికి 23 గ్రాములైంది. వేపుళ్లు శుక్రవారానికి పరిమితమై, మిగిలిన రోజులలో కంద బచ్చలి, ఆనపకాయ పప్పు, చేపల పులుసు వచ్చాయి. కొబ్బరిని మానలేదు, కోనసీమలో అది సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. పచ్చడికి ఇంత అని కొలత పెట్టుకున్నాము. రోజుకు నాలుగు టీలలో రెండేసి చెంచాల చక్కెర వేసుకుంటే 40 గ్రాములవుతుంది. చెంచా చొప్పున తగ్గించాము. పళ్లెంలో సగం కూర, పావు అన్నం, పావు పప్పు, చేప లేదా గుడ్డు.

నూనె, చక్కెరల మార్పుతోనే రోజుకు సుమారు 215 కేలరీలు తగ్గాయి. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు. కనుక కాగితం మీద నెలకు ముప్పావు కిలో కంటే కొంచెం ఎక్కువ. బరువు తగ్గిన కొద్దీ శరీరపు ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి వేగం మందగించడం సహజం.

ఇక నడక. మోటారు సైకిలును ఇంట్లో ఉంచి మసీదుకు కాలినడకన వెళ్లసాగాము. ఆ అడుగులకు పుణ్యమున్నదని చదివిన వారమే కదా. ఫజ్ర్ తరువాత కాలువ గట్టున అరగంట. వారంలో అయిదు రోజులు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 150 నిమిషాలు పూర్తవుతాయి. అస్ర్ తరువాత మా ఇల్లాలు, కోడలు, పొరుగింటి అక్కయ్యలు కలిసి నడవడం మొదలుపెట్టారు. వీలులేని రోజున డాబా మీదే నడుస్తారు.

మొదటి మూడు నెలలలో 3 కిలోలు తగ్గాయి. తరువాత రెండు నెలలు త్రాసు ముల్లు కదలలేదు. నిరాశ కలిగే ఘట్టం ఇదే. మధుమేహానికి చేరువలో ఉన్నవారిపై మన దేశంలో జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆహారం, నడక మార్చుకున్నవారికి బరువు చెప్పుకోదగినంతగా తగ్గకపోయినా, మధుమేహం వచ్చే అవకాశం మూడేండ్లలో 28.5 శాతం తగ్గింది. ముల్లు కదలని రోజులలో కూడా శరీరానికి మేలు జరుగుతూనే ఉంటుందన్నమాట.

పద్ధెనిమిది నెలలకు 80 కిలోలకు వచ్చాము. ఈ మధ్యలో “హజ్రత్, చిక్కిపోయారేమిటి? షుగర్ వచ్చిందా?” అని అడగనివారు లేరు. చేతుల ఆసరా లేకుండా సజ్దా నుండి లేచిన నాడు అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాము. అల్లాహ్ ముందు నుదురు నేలకు ఆనించగలగడం ఎంతటి వరమో ఆ నొప్పి మాకు నేర్పింది.

ఇంటి పెద్దలకు ఒక మనవి. దైవప్రవక్త (స), హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో పరుగు పందెం వేసుకుంటే ఆమె గెలిచారు. ఆమె శరీరం బరువెక్కిన తరువాత మరోసారి పరుగెత్తగా ఆయన గెలిచి, అప్పటి ఓటమికి ఇది బదులని నవ్వారు. అందులో ఎత్తిపొడుపు లేదు, కలిసి పరుగెత్తిన ఆనందమే ఉన్నది. కోడలి ఒళ్లు గురించీ, ఎదిగిన ఆడపిల్ల ఒళ్లు గురించీ నలుగురిలో మాట్లాడటం మాని, వారితో కలిసి నాలుగడుగులు నడవండి. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు భోజనం తగ్గించే ముందు, సోమ, గురువారాల నఫిల్ రోజాలు మొదలుపెట్టే ముందు వైద్యుని తప్పక అడగండి.

దావతు ఇచ్చే సోదరులకు మరొక మనవి. అతిథి “చాలు” అన్నప్పుడు గరిటె ఆపడం కూడా ఆతిథ్యమే. అల్లాహ్ మనందరికీ మితాన్నీ, నిలకడనూ ప్రసాదించుగాక. ఆమీన్.