జీడిపండూ, అంబాసిడరూ

వేసవిలో ఉద్దానం తోటల్లో అడుగుపెట్టినవారెవరైనా ముందుగా గమనించేది వాసన. గింజ తీసుకుని వదిలేసిన జీడిపండ్లు చెట్ల కింద కుప్పలుగా పులుస్తూ ఉంటాయి. గోవాలో ఆ పండునే పులియబెట్టి, బట్టీ పెట్టి ఫెనీ తీస్తారు. మన పలాస వ్యాపారమంతా గింజది, పండు మట్టిపాలు. ఆ పులుపులో పుట్టే ఆల్కహాలే చెరకు నుంచీ, నూకల నుంచీ, మొక్కజొన్న నుంచీ తయారై ఇప్పుడు బంకుల్లో పెట్రోలుతో కలిసి వస్తున్నది. దాని గుణగణాలు మా పెద్దనాన్నగారి కారు పుణ్యమా అని నాకు కొంత ఒంటబట్టాయి.

అది 1984 నాటి అంబాసిడర్, మార్క్ 4. దగ్గర్లో డయాలసిస్ సౌకర్యం లేని రోజుల్లో పెద్దమ్మను వారానికి రెండుసార్లు అందులోనే విశాఖపట్నం తీసుకువెళ్ళేవారు. ఉద్దానం ఇళ్ళలో ఇది కొత్త కథేమీ కాదు కనుక సాగదీయను. ఆవిడ పోయాక కారు బయటికి తీయడం తగ్గింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తోటలో సగం కొబ్బరిచెట్లు కూలిపోయాయి. కారుకు ఏమీ కాలేదు గానీ, దాని సంగతి పట్టించుకునే ఓపిక ఎవరికీ మిగల్లేదు. అలా ఏడేళ్ళు. పాత ఇనుము వాళ్ళు రెండుసార్లు వచ్చి బేరమాడారు. రెండోసారి అన్నయ్య దాదాపు ఒప్పుకున్నాడు. పెద్దనాన్నగారు మాత్రం, "ఒక్కసారి నడిపించి చూడండ్రా, ఆనక మీ ఇష్టం" అన్నారు.

టెక్కలి నుంచి ఒక పాతకాలపు మెకానిక్కును పిలిపించాము. ట్యాంకు అడుగు బిరడా విప్పగానే డికాక్షను రంగులో చిక్కటి ద్రవం కారింది. వాసన చూసి, "ఇది పెట్రోలు కాదు బావూ, వారినీసు" అన్నాడాయన. నిజమే. నిలవున్న పెట్రోల్లో తేలికపాళ్ళు ఆవిరైపోయి, మిగిలినది గాలితో కలిసి జిగురవుతుంది. పైగా సముద్రపు గాలి. ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే అంత తేమ చేరుతుంది. ఆల్కహాలుకు నీరంటే మహా ప్రీతి. కొంతవరకు తనలో కలుపుకుంటుంది. హద్దు మీరితే పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. ఇంజనుకు వెళ్ళే గొట్టం మొదలయ్యేదీ ఆ అడుగునే!

ఆయన మాకొక పరీక్ష చూపించాడు. గీతలున్న గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల నీళ్ళు, తొంభై మిల్లీలీటర్ల కొత్త పెట్రోలు పోసి, కుదిపి, నిలబెట్టాడు. కాసేపటికి అడుగున నీటి మట్టం ఇరవై అయిదు దాటింది. పెరిగినదంతా ఇథనాలే.

ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో అయిదు శాతం కలపడం 2003లోనే మొదలైనా, 2018లో దేశవ్యాప్త సగటు అయిదు శాతం లోపే. 2022 జూన్‌కు పది శాతం, 2025కు ఇరవై. అంటే ఈ కారు ఒక ఇంధనం తాగి నిద్రపోయి, మరొక ఇంధనానికి మేల్కొన్నదన్నమాట.

ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో ఇంజను ఆయిలు చుక్కలు వేసి, ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు ముందునుంచి హ్యాండిలుతో నెమ్మదిగా తిప్పాడు. ఇంజను పట్టేయలేదు. కార్బురేటరులో మాత్రం తెల్లటి పొడి పేరుకుంది. పెట్రోలు పంపు డయాఫ్రం, రబ్బరు గొట్టాలు ఆల్కహాలుకు ఉబ్బి మెత్తబడతాయని, వాటి స్థానంలో వైటాన్ రకానివి వేయించాడు. ట్యాంకు కడిగినా మొండిగా మిగిలిన జిగురును ఇథనాలు కరిగించి జెట్లకు అడ్డం తెస్తుంది కాబట్టి, దారిలో లోపల కనిపించే ఫిల్టరొకటి బిగించి, తరచు చూసుకోమన్నాడు. ఇథనాల్లో ఆక్సిజను ఉంటుంది. కొత్త కార్లలో కంప్యూటరు అది గ్రహించి పెట్రోలు పెంచుతుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కకుండా జెట్టు ఒక సైజు పెంచాడు.

ఇథనాలు విషమని తిట్టేవారితో నేను ఏకీభవించను. ఆక్టేను పెంచుతుంది, చమురు దిగుమతి తగ్గిస్తుంది. అయితే అది వాడేందుకు తయారుకాని నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాత బండ్లకోసం బంకులో పది శాతానిది విడిగా ఉంచితే ఎవరి సొమ్ము పోయేది? వింటేజి వాహనమని గౌరవం పొందాలన్నా 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు నిండాలి. మాది 2034 దాకా ఆగాలి. ఆర్‌సీ పునరుద్ధరణ కోసం మేము తిరిగిన తిరుగుడు మరోసారి రాస్తాను.

నాలుగో రోజున ఇంజను పలికింది. పెద్దనాన్నగారు ముందు సీటులో కూర్చోమంటే కూర్చోలేదు. వెనక ఎడమవైపు, పెద్దమ్మ కూర్చునే చోటుకు పక్కన కూర్చున్నారు. అక్కుపల్లి తీరం దాకా వెళ్ళి వచ్చాము. ఫిల్టరు ఎర్రబడింది, మార్చాము. పాత ఇనుము మాట అన్నయ్య మళ్ళీ ఎత్తలేదు.

వెళుతూ మెకానిక్కు, నిలిపి ఉంచదలిస్తే తేమ చేరకుండా ట్యాంకు నిండా పోయించండి, లేదా పూర్తిగా తీసేయండి అని చెప్పాడు. పెద్దనాన్నగారు రెండూ వద్దన్నారు. "అయిదు లీటర్లే పోయించండి. అది అయిపోయేదాకా తిరుగుదాం. ఆనక మళ్ళీ అయిదు."