ఎండాకు తెగులు వెనుక ఒక అణువు

ఎండాకు తెగులును దగ్గర నుంచి చూద్దామని రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థకు వెళ్లాను. ప్రయోగ మడిలో వరి ఆకులు కొనల నుంచి అంచుల వెంట ఎండుగడ్డి రంగుకు తిరిగి ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్త ఒకరు తెగులు ఆకును కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టారు. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని ధార కిందికి జారింది.

"అదంతా బ్యాక్టీరియానేనండీ. పేరు జాంథోమోనాస్ ఒరైజే. గాయాల గుండానో, ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల గుండానో దూరి, నీళ్లు పారే నాళాల్లో పెరుగుతుంది" అన్నారామె.

"దూరగానే దాడికి దిగుతుందా మేడమ్?"

"లేదండీ, ముందు తనవాళ్లు ఎందరున్నారో చూసుకుంటుంది" అంటూ కాగితం మీద బొమ్మ గీశారు.

జాంథోమోనాస్ జాతి బ్యాక్టీరియా డీఎస్ఎఫ్ అనే కొవ్వు ఆమ్లాన్ని బయటికి వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ అది చిక్కబడుతుంది. కణం పొర మీది ప్రోటీన్ దాన్ని పసిగట్టి, లోపలున్న ఆర్‌పీఎఫ్‌జీ అనే ఎంజైముకు కబురందిస్తుంది. ఆ ఎంజైము సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువును విరగ్గొడుతుంది. అంతవరకూ ఆ అణువు సీఎల్‌పీ అనే ప్రోటీన్‌ను డీఎన్ఏ దగ్గరికి పోనివ్వదు. అణువు తగ్గగానే సీఎల్‌పీ వెళ్లి, మొక్క కణాల గోడలు కరిగించే ఎంజైముల జన్యువులను మేల్కొలుపుతుంది.

సైక్లిక్ డై-జీఎంపీని 1987లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో మోషే బెంజిమన్ బృందం సెల్యులోజ్ తయారుచేసే బ్యాక్టీరియాలో కనుగొంది. తర్వాత ఎన్నో బ్యాక్టీరియాల్లో కనబడింది. కలరా క్రిమిలోనూ ఇది పెరిగితే కణాలు జిగురుపొర కట్టి అతుక్కుంటాయి, తగ్గితే ఈదుకుంటూ కదులుతాయి.

వరి వంగడాలు తెగులును ఎంత తట్టుకుంటాయో చూసే పరీక్ష కోసం ఈ సంస్థలో బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొనలు కత్తిరిస్తారు. రెండు వారాలకు ఎండు ఎంత పాకిందో కొలుస్తారు. మామూలు సాంబ మసూరి వరి ఆకుల్లో అది చాలా దూరం పాకింది. పక్క మడిలోని మెరుగైన సాంబ మసూరి పచ్చగానే ఉంది. ఈ సంస్థ, సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) కలిసి రూపొందించిన ఆ వంగడం 2008లో విడుదలైంది. అందులోని మూడు నిరోధక జన్యువుల్లో ఎక్స్‌ఏ21 ఒకటి. బ్యాక్టీరియా వదిలే చిన్న ప్రోటీన్ ముక్కను గుర్తుపట్టి మొక్క రక్షణను ముందే లేపుతుందది. బ్యాక్టీరియా వదిలే గుర్తులను పసిగట్టడం దాన్ని నిలువరించడానికి ఎంత తోడ్పడుతుందో ఆ రెండు మడులూ నాకు చూపాయి.

తెగులు ముదిరాక నయం చేసే నమ్మకమైన మందు లేదు. ఏటా ఎండాకు కనిపించే ఊళ్లలోని రైతులారా, యూరియా మోతాదు మించనివ్వకండి, తట్టుకునే విత్తనాన్నే అడిగి తీసుకోండి.