విడదీసి చదివితే

ఈసారి వంటల సంగతి కాదు, ఒక పొడుగాటి మాట సంగతి రాస్తున్నాను. మన ఆడవాళ్ళకి తెలిసుండాల్సిన మాట.

మా పెద్ద తోడికోడలిది జగ్గయ్యపేట, మేముండేది నందిగామ. గర్భసంచిలో గడ్డలున్నాయంటే అక్క బెజవాడ ఆసుపత్రికి వెళ్ళి, తిరిగొస్తూ మా ఇంటి దగ్గర దిగింది. "ఇందులో ఏం రాశారో చూడవే, సంతకం పెట్టి తెమ్మన్నారు" అంటూ కాగితం ఇచ్చింది. "హిస్టరెక్టమీ" అనీ, దాని పక్కనే "బైలాటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ" అనీ ఉంది. అక్కకి 41 ఏళ్ళు.

నేను చదివింది తెలుగు మీడియమే. కానీ పెద్ద మాట ఏది వచ్చినా మా తెలుగు మాస్టారు సంధి విడదీయించేవారు. గర్భ + ఆశయం గర్భాశయం. అండ + ఆశయం అండాశయం. ఆశయమంటే ఇక్కడ ఉండే చోటు. పలికేటప్పుడు అం-డా-శ-యం అని నాలుగు ముక్కలు, అర్థానికి రెండే. ఆ రెండూ కలిసిన చోటు "డా"లో దాక్కుంటుంది, అందుకే పైకి కనపడదు.

డాక్టర్ల మాటలూ అంతే. మన పాఠాల్లో మాటలు సంస్కృతం నుంచి వస్తే, వాళ్ళవి చాలావరకు గ్రీకు నుంచి వచ్చాయి. హి-స్ట-రె-క్ట-మీ అని పలుకుతాం గానీ, విడదీస్తే హిస్టర్ + ఎక్టమీ. మొదటిది గర్భాశయం, రెండోది కోసి తీసేయడం. ఊఫర్ అంటే అండాశయం, సాల్పింగో అంటే దాని పక్క ట్యూబు, బైలాటరల్ అంటే రెండు వైపులా. గడ్డలు మాత్రమే తీస్తే మయోమెక్టమీ అంటారు. చివర అదే, ముందు ముక్క వేరు.

"అంటే అండాశయాలు కూడా తీసేస్తారా? నాకెవరూ చెప్పలేదే!" అంది అక్క.

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ అండాశయాల పని సాగుతూనే ఉంటుంది. అవీ తీస్తే మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలం తగ్గడం మొదలవుతాయి. క్యాన్సర్ లాంటివుంటే తీయక తప్పకపోవచ్చు, అది డాక్టర్లు తేల్చాలి. కానీ ఏం తీస్తున్నారో మనకి తెలియాలి కదా!

మర్నాడు ఇద్దరం వెళ్ళి అదే అడిగాం. డాక్టరమ్మ స్కానింగు మళ్ళీ చూసి, అండాశయాలు బాగానే ఉన్నాయి, ఉంచేద్దాం, గర్భసంచి మాత్రం తీయాలి అన్నారు. కాగితం మార్చి రాశాకే అక్క సంతకం పెట్టింది.

గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మీ ఇంట్లో అలాంటి ఆపరేషన్ అయినవాళ్ళుంటే అండాశయాలు ఉన్నాయో లేదో అడిగి చూడండి. చాలామందికి తెలియదు. కాగితం మీద అంత పొడుగు మాట కనిపిస్తే భయపడకండి, ముక్కముక్కకీ అర్థం చెప్పమనండి. చెప్పాకే పెన్ను తీయండి.