ఫుల్ ఫాం

"కంప్యూటర్ ఫుల్ ఫాం చెప్పరా" అంటే చాలు, చిన్నప్పుడు నిద్రలో లేపినా అప్పజెప్పేవాణ్ణి. కామన్ ఆపరేటింగ్ మెషీన్ పర్పస్‌లీ యూజ్డ్ ఫర్ టెక్నలాజికల్ అండ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్! అప్పటికి కంప్యూటర్ మొహం చూసిన పాపాన పోలేదు. క్విజ్‌లో ఆ జవాబుకు స్టీలు గ్లాసొకటి కొట్టాను. సొట్టలు పడినా మా వంటింట్లో ఇంకా బియ్యం కొలుస్తానే ఉంది.

గ్లాసు నిజం, జవాబు కట్టుకథ. కంప్యూట్ అంటే లెక్క కట్టడం, లాటిన్ నుంచి వచ్చిన మాట. లెక్కలు కట్టే మనిషిని కంప్యూటర్ అనడం 1613 నాటి ఇంగ్లీషు పుస్తకంలోనే ఉంది. మొదటి అక్షరాలు ఏరి మాటలు కుట్టడం ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు సరదా. రాడార్, లేజర్ అట్లా పుట్టినవే. న్యూస్ అంటే నాలుగు దిక్కులని ఎవరైనా చెబితే ముందు ఆ మాట వయసెంతో అడగండి. 'న్యూ'కి బహువచనం అది, కొత్త సంగతులు, అంతే.

పండితులేం తక్కువ తిన్నారు? శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం కలిపి త్రిలింగమన్నారు, అదే తెలుగయిందన్నారు. మాట ముందు, కథ వెనక అని భాషాశాస్త్రజ్ఞులు చాలామంది అంటారు.

మొన్న మదనపల్లె బస్సులో హార్సిలీ హిల్స్ మాట వచ్చింది. "హార్స్ అంటే గుర్రమే కద సామీ, దొరలు ఆడ గుర్రాలు మేపినారంట" అన్నాడు పక్క సీటు పెద్దాయన. గుర్రాలు కాదన్నా, డబ్ల్యూ.డి. హార్స్‌లీ అని కలెక్టరు, అక్కడ బంగళా కట్టుకున్నాడు అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. పాపమనిపించి, అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ, మల్లమ్మను ఏనుగులు సాకినాయంట అని చెప్పాను.

"అది మాత్రం నిజమేనా?"

గుర్రాలను తరిమినవాణ్ణి, ఏనుగుల జోలికి పోలేకపోయాను. కిటికీలోంచి టమేటా లారీలు చూస్తా కూర్చున్నాను.

"మీదేవూరు?"

"తంబళ్లపల్లె."

"తాంబూలాలకు పేరా?"

కాదు, తంబళ్లంటే శివాలయంలో పూజ చేసేవాళ్లు, మల్లయ్యకొండ మీద శివుడున్నాడు కదా, వాళ్ల పల్లె అయ్యుంటుంది అన్నాను. ఆయన సంచి సర్దుకుంటా లేచాడు.

"తాంబూలమే బాగుండె సామీ" అని దిగిపోయాడు.